ఉప్పల్–నాచారంలో విస్కీ ఆస్వాదన

హైదరాబాద్ తూర్పున వరంగల్ రహదారి మీద ఉన్న ఉప్పల్‌లోనూ, దాన్ని ఆనుకుని పారిశ్రామికవాడగా పెరిగిన నాచారంలోనూ విస్కీ అంటే ఎక్కువమందికి సోడా కలిపిన దేశీ బ్లెండే, నలుగురు కలిసే సిట్టింగే. ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో తీసిన సింగిల్ మాల్ట్‌ను వాసన చూసి, చుక్క నీళ్లు వేసి, రుచి రాసి పెట్టుకునే అలవాటు తర్వాత వచ్చింది. ఈ రెండో రకం వాళ్లు మొదటివాళ్లను చిన్నచూపు చూడటం రివాజు. ఆ చిన్నచూపు అనవసరం. బ్రాండ్ల మధ్య తేడాను ఏళ్ల తరబడి పట్టి చూసి, తోటివాళ్లతో వాదించి తేల్చుకునే పని సిట్టింగుల్లో ఎప్పటినుంచో జరుగుతోంది.

దొరికే సరుకు

ఇక్కడ ఏ విస్కీ దొరుకుతుందన్నది అభిరుచి కంటే ముందు ఎక్సైజ్ విధానాన్ని బట్టి ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో ఏర్పడిన బెవరేజెస్ కార్పొరేషన్ టోకు వ్యాపారాన్ని ప్రభుత్వం చేతిలోకి తెచ్చింది. 2014 తర్వాత తెలంగాణ కార్పొరేషన్ ఆ పని చేస్తోంది. కంపెనీ సరుకు కార్పొరేషన్ డిపోకు రావాలి, అక్కడినుంచే షాపుకు వెళ్లాలి. కార్పొరేషన్‌తో ఒప్పందం లేని బ్రాండు ఎంత పేరున్నదైనా ఉప్పల్ కౌంటర్ మీదికి రాదు.

జనం ‘వైన్స్’ అనే చిల్లర దుకాణానికి ఎక్సైజ్ లెక్కల్లో పేరు ఎ4 షాపు. రాష్ట్రంలో ఇవి 2,620. లైసెన్సులు లాటరీలో ఇస్తారు. 2021 నుంచి గౌడ కులస్థులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం షాపులు కేటాయించారు. 2023లో ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయల రుసుము కట్టించుకున్నారు, షాపు రాకపోయినా అది తిరిగి రాదు. అంత ఖర్చు చేసి షాపు దక్కించుకున్నవాడు రోజూ కదిలే సరుకే పెట్టుకుంటాడు గానీ, ఏడాదికి రెండు సీసాలు అమ్ముడయ్యే మాల్ట్ మీద డబ్బు ఇరికించుకోడు. పైగా చాలా వైన్సుల్లో కొనేవాడు ఇనుప జాలీ ఇవతలే నిలబడాలి. సీసా చేతిలోకి తీసుకుని లేబుల్ తిప్పి చదివే వీలుండదు. వెనక క్యూ, ముందు ‘ఏం గావాలె అన్నా’ అనే తొందర. తీరిగ్గా చూసి కొనాలనుకునేవాళ్లు నగరంలోని పెద్ద దుకాణాలకు వెళ్తారు.

మూడో దారి బంధువులు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు తలా రెండు లీటర్ల దాకా డ్యూటీ ఫ్రీలో తెచ్చుకోవచ్చు. అమెరికాలో ఉన్న అల్లుడో మేనల్లుడో శంషాబాద్‌లో దిగే వారానికి ఇక్కడ సిట్టింగ్ ఖరారవుతుంది. ఆ సీసాను అమ్మడం మాత్రం నేరం. మాజీ సైనికులకు క్యాంటీన్ కోటాలో వచ్చే ‘మిలటరీ మందు’కూ అదే నియమం. గోవా, ఢిల్లీల నుంచి పన్ను కట్టకుండా తెచ్చే సరుకును ఎక్సైజ్ సిబ్బంది తరచూ పట్టుకుంటారు.

సీసాలో ఉన్నది

పరిమాణం ప్రకారం ప్రపంచంలో అతిపెద్ద విస్కీ మార్కెట్ భారతదేశమే. కానీ ఆ విస్కీలో పెద్ద భాగం స్కాట్లాండ్ చట్టం ముందు విస్కీ కాదు. అక్కడ ధాన్యం నుంచి తీసిన సారాన్ని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు నిలవ ఉంచాలి, ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. మన మామూలు బ్లెండ్లకు ఆ మూడేళ్ల నిబంధన లేదు. మొలాసిస్ నుంచో, నూకలు, మొక్కజొన్నల నుంచో తీసిన న్యూట్రల్ స్పిరిట్‌లో కొంత మాల్ట్, కొన్నిసార్లు కొంత స్కాచ్ కలిపి 42.8 శాతానికి పలుచన చేస్తారు. ఈ వింత అంకె పాత బ్రిటిష్ లెక్కలో 75 డిగ్రీల ప్రూఫ్. దొరలు పోయినా లెక్క మారలేదు.

సీసాల్లో నింపే పని కొంత ఈ చుట్టుపక్కలే సాగింది. 2006లో యునైటెడ్ స్పిరిట్స్‌గా పేరు మార్చుకున్న మెక్‌డోవెల్ కంపెనీ యూనిట్లలో నాచారం ఒకటి. ఆఫీసర్స్ ఛాయిస్ తయారుచేసే అలైడ్ బ్లెండర్స్‌కు తెలంగాణలోని రంగాపూర్‌లో ధాన్యం డిస్టిలరీ ఉంది. అక్కడే సింగిల్ మాల్ట్ డిస్టిలరీ కడతామని కూడా ఆ సంస్థ ప్రకటించింది.

భారతీయ సింగిల్ మాల్ట్‌కు పేరు తెచ్చింది బెంగళూరు అమృత్. 2004లో దాన్ని మొదట విడుదల చేసింది మన దగ్గర కాదు, గ్లాస్గోలో. దాని ఫ్యూజన్‌కు విమర్శకుడు జిమ్ ముర్రే 2010 విస్కీ బైబిల్‌లో 97 మార్కులు వేసి, ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. ఆ తర్వాతే మనవాళ్లు దాన్ని అడగడం మొదలుపెట్టారు. గోవా పాల్ జాన్, ఉత్తరప్రదేశ్ రాంపూర్, హర్యానా ఇంద్రి ఆ దారిలో వచ్చినవే. వేడి వల్ల బెంగళూరులో పీపాలోని మద్యం ఏడాదికి 10–12 శాతం ఆవిరైపోతుంది. స్కాట్లాండ్‌లో అది 2 శాతం. పీపా కర్రతో కలయికా అంతే త్వరగా జరుగుతుంది కాబట్టి, లేబుల్ మీద వయసు అంకె లేదని మన మాల్ట్‌ను తక్కువ చేయనక్కర్లేదు.

సిట్టింగ్

పంచుకోవడానికి ఇక్కడ రెండు వేదికలు: వైన్సు పక్కన పర్మిట్ రూమ్, ఎవరో ఒకరి డాబా. పర్మిట్ రూమ్‌లో వాటర్ ప్యాకెట్, ప్లాస్టిక్ గ్లాసు, ఉడికించిన శనగలు, ఆమ్లెట్. ఒక క్వార్టర్ అంటే 180 మి.లీ., 60 చొప్పున మూడు పెగ్గులు. డాబా మీద ఫుల్లు, ఐసు, పల్లీలు, చికెన్ సిక్స్టీఫైవ్. కొలత పట్టే పని నమ్మకస్తుడికి అప్పగిస్తారు, సోడా ఎవరికి వాళ్లే. 60 మి.లీ. పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. తాగడానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిన ఆల్కహాల్‌తో బండి నడిపితే కేసే.

సోడా కలపడం తప్పేమీ కాదు. న్యూట్రల్ స్పిరిట్ ఘాటును అది విరుస్తుంది, మే నెల ఉక్కలో గొంతుకు హాయిగానూ ఉంటుంది. రుచి తేల్చాలనుకున్నప్పుడు మాత్రం కారం అడ్డు. మిరపలోని క్యాప్సైసిన్ నాలుకను మండిస్తుంది, ఆ మంట మీద ఆల్కహాల్ ఘాటు రెట్టింపుగా తోస్తుంది. సిక్స్టీఫైవ్ ప్లేటు వచ్చాక వేసిన మార్కులకు విలువ లేదు.

రుచి చూడటం, రాయడం

మూతి సన్నబడే గ్లాసులో 20–30 మి.లీ. పోసి కొన్ని నిమిషాలు వదిలేయాలి. ముక్కును గ్లాసులోకి దూర్చకుండా, నోరు కాస్త తెరిచి అంచు దగ్గర వాసన చూస్తే ఆల్కహాల్ కుట్టదు. మాగిన అరటిపండు వాసన పులియబెట్టినప్పుడు పుట్టే ఎస్టర్లది. కొబ్బరి, వెనిల్లా ఓక్ కర్రవి. బెల్లం పాకం, ఎండు ఖర్జూరం లాంటివి తరచూ షెర్రీ అనే వైన్ ఉంచిన పీపాలవి. పొగ వాసన ఉంటే మొలకెత్తిన బార్లీని పీట్ అనే మండే మట్టి పొగ మీద ఆరబెట్టారన్నమాట. రంగును నమ్మకూడదు, కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది.

తర్వాత గది వేడిలో ఉన్న మంచినీళ్లు కొన్ని చుక్కలు. నీళ్లతో వాసన ఎందుకు విప్పారుతుందో స్వీడన్‌కు చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటర్ నమూనాతో వివరించారు. పలుచన చేసిన కొద్దీ పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువులు ద్రవం పైకి చేరతాయి. గ్లాసును ఐసుతో నింపితే ఫలితం తిరగబడుతుంది, చల్లదనానికి వాసనలు అణిగిపోతాయి.

సిట్టింగులో వినిపించే ‘స్మూత్‌గుంది’, ‘గొంతు పట్టేస్తుంది’ కూడా తీర్పులే, కారణం చెప్పని తీర్పులు. కారణం రాబట్టడానికి మంచి ఉపాయం సీసాలు దాచడం. ఒకరు వంటగదిలో మూడు రకాలు పోసి, గ్లాసుల అడుగున అంకెలు రాసి తెస్తే, ధర తెలియని నాలుక నిజం చెప్తుంది. మూడు వేలు పెట్టి కొన్నవాడి ముఖం ఆ పూట చూడాల్సిందే.

దేశంలో టీవీలో మద్యం ప్రకటనలు నిషిద్ధం కాబట్టి కంపెనీలు అదే పేరుతో సోడా, గ్లాసులు, మ్యూజిక్ సీడీలు చూపించాయి. ప్రకటన ఇలా వేరే వేషంలో వస్తుంది కాబట్టి, సమీక్షా అలాంటిదేనన్న అనుమానం రాకుండా రాసేవాడు సీసా కొన్నాడా, ఉచితంగా వచ్చిందా చెప్పడం కనీస మర్యాద. బ్యాచ్ నంబరు, ఆల్కహాల్ శాతం, నీళ్లు ఎంత, ముందు ఏం తిన్నారు అన్నవి కూడా రాయాలి. మూత తీసిన సీసాను ఎండ తగలని అల్మారాలో నిలువుగా ఉంచాలి. సగం ఖాళీ అయ్యాక లోపలి గాలికి రుచి మారుతుంది, మన ఎండాకాలంలో మరీ త్వరగా. నెల తర్వాత మళ్లీ చూసి మార్కు మారితే పాతది కొట్టేయకుండా రెండింటినీ తేదీలతో ఉంచాలి.