తిలంగా: చందుర్తిలో ఒక ఎర్ర కోటు

ఈ ఎపిసోడ్‌లో ఒక యుద్ధం గురించి చెప్తాను. కానీ రాజుల వైపు నుంచి కాదు, బట్టల వైపు నుంచి. కరెక్ట్‌గా చెప్పాలంటే ఒక ఎర్ర కోటు వైపు నుంచి.

ముందు ఒక హాబీ పరిచయం చేయాలి. దాన్ని రీఎనాక్ట్‌మెంట్ అంటారు. ఎప్పుడో జరిగిన యుద్ధాన్ని వీలైతే అదే చోట, అప్పటి బట్టలు వేసుకుని, అప్పటి ఆయుధాల నమూనాలు పట్టుకుని మళ్ళీ ఆడి చూపించడం. అమెరికాలో గెటిస్‌బర్గ్, రష్యాలో బొరొడినో, బెల్జియంలో వాటర్లూ దీనికి పెట్టింది పేరు. 2015లో వాటర్లూ యుద్ధానికి 200 ఏళ్ళు నిండినప్పుడు వేలమంది వచ్చి ఆడారు. వీళ్ళు సినిమా జూనియర్ ఆర్టిస్టులు కాదు. టీచర్లు, అకౌంటెంట్లు, మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు. పైసా రాదు, పైగా జేబులోంచే పోతుంది.

వాళ్ళ భాషలో ఒక తిట్టు ఉంది: ఫార్బ్. అంటే పైపైన వేషం వేసుకుని వచ్చేసినవాడు. 18వ శతాబ్దం కోటు వేసుకుని చేతికి స్మార్ట్‌వాచ్ తియ్యడం మర్చిపోయినవాడు అన్నమాట. కొందరు పది అడుగుల దూరం నుంచి చూస్తే బాగుంటే చాలంటారు. ఇంకొందరు దగ్గరికొచ్చి మీ కోటు లోపలి కుట్లు కూడా లెక్కపెడతారు. మిషన్ కుట్టు కనిపించిందా, అయిపోయారు. ఎందుకంటే కుట్టు మిషన్ 19వ శతాబ్దంలో గానీ జనంలోకి రాలేదు.

'బ్రో, మనకి ఇలాంటివి లేవు కదా' అంటారేమో. హాబీగా అయితే, నిజమే, పెద్దగా లేదు. కానీ విజయవాడ నుంచి బండి వేసుకుని ఒక పూటలో చేరిపోయే దూరంలో కారెంపూడి ఉంది. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దంలో జరిగింది. ఇప్పటికీ ప్రతి ఏడాదీ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు నాగులేరు పక్కన వీరుల గుడి దగ్గర ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ పేర్లు వరసగా చదివితేనే కథ మొత్తం అర్థమైపోతుంది. మందపోరు రోజున బ్రహ్మనాయుడి చాపకూడు పెడతారు, కులం చూడకుండా అందరూ కలిసి తింటారు. వీరాచారవంతులు ఊళ్ళ నుంచి కొణతాలు తీసుకొస్తారు. అవి వీరుల ఆయుధాలు. వాటికి పూజలు చేస్తారు.

దీన్ని నేను హాబీ అంటే కారెంపూడిలో నన్ను తరుముతారు, తరమాలి కూడా. అక్కడ ఆయుధం డ్రెస్‌లో భాగం కాదు, దేవుడు. కానీ ఒక్క విషయం గమనించండి. దాదాపు 850 ఏళ్ళ నాటి సైనికుణ్ణి గుర్తుపెట్టుకోవడానికి అక్కడ తరతరాలుగా ఒక ఏర్పాటు ఉంది. మరి 250 ఏళ్ళ నాటి మన సైనికుడు? అతనికి గుడీ లేదు, పండగా లేదు. అతనెలా ఉండేవాడో కూడా మనకి తెలీదు. పేరు మాత్రం మిగిలింది, అదీ మన దగ్గర కాదు.

ఆ పేరు తిలంగా. 18వ శతాబ్దంలో బెంగాల్‌లో కంపెనీ సిపాయిని అలాగే పిలిచేవాళ్ళు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే డిక్షనరీలో ఈ మాట మీద ప్రత్యేకంగా ఎంట్రీ ఉంది. యూరప్ పద్ధతిలో డ్రిల్లు నేర్చి, యూరప్ తరహా బట్టలు వేసుకున్న మొదటి సిపాయిలు బెంగాల్‌కి తెలింగ దేశం నుంచి, అంటే మద్రాసు వైపు నుంచి వచ్చారు కాబట్టి ఆ పేరు పడిందంటుంది. వాళ్ళ లెక్కలో మద్రాసు వైపు అంటే తెలుగువాళ్ళే కాదు, తమిళులూ ఉన్నారు. అయినా ముద్ర పడింది మన పేరే. 1756 అక్టోబర్‌లో క్లైవ్ మద్రాసు నుంచి ఓడల్లో బయల్దేరినప్పుడు ఆయన వెంట సుమారు 1,500 మంది సిపాయిలు వెళ్ళారు. తర్వాతి జూన్‌లో ప్లాసీ. ఇంకో వందేళ్ళకి, 1857లో, ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని ఆ ఊరి జనం తిలంగాలనే అన్నారు. ఆ సిపాయిల్లో ఎక్కువమంది అవధ్, బీహార్ వాళ్ళు! మన పేరు ఒక ఉద్యోగానికి పేరైపోయింది. జిరాక్స్ కంపెనీ పేరు పోయి ఫోటోకాపీకి పేరైనట్టు.

ఇప్పుడు ఎర్ర కోటు దగ్గరికి వద్దాం. క్లైవ్ 1757 జనవరిలో కలకత్తాలో ఒక కొత్త సిపాయి బెటాలియన్ కట్టి వాళ్ళకి ఎర్ర కోట్లు తొడిగించాడు. జనం దాన్ని లాల్ పల్టన్ అన్నారు. మరుసటి ఏడాది ఇక్కడ మన సర్కారు జిల్లాలు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నాయి. బుస్సీని వాళ్ళ పైవాళ్ళు వెనక్కి పిలిచారు, ఆ స్థానంలో కాన్‌ఫ్లాన్స్ ఉన్నాడు. విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లిష్‌వాళ్ళకి కబురు పెట్టాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని సుమారు 500 మంది తెల్లవాళ్ళు, 2,000 మంది సిపాయిలతో పంపించాడు. 1758 డిసెంబర్‌లో ఇద్దరూ చందుర్తి దగ్గర తలపడ్డారు. ఇప్పటి కాకినాడ జిల్లాలో, గొల్లప్రోలు దగ్గర.

అక్కడ జరిగింది చూడండి. ఫోర్డ్ తెల్ల బెటాలియన్ నిలువెత్తు పెరిగిన పంటచేను వెనక ఉండిపోయింది, అవతలివాళ్ళకి కనపడలేదు. బయటికి కనపడింది పక్కనున్న బెంగాల్ సిపాయిలు, ఎర్ర కోట్లలో. ఫ్రెంచివాళ్ళకి మద్రాసు వైపు సిపాయిల్ని తెల్లబట్టల్లో చూసి అలవాటు. వాళ్ళ బుర్రలో రూల్ ఒక్కటే: ఎరుపు కనపడితే ఇంగ్లిష్‌వాడు. అందుకే సిపాయిల్నే అసలు తెల్ల బెటాలియన్ అనుకుని మొత్తం బలంతో వాళ్ళ మీద పడ్డారు. సిపాయిలు ఆగలేక వెనక్కి తగ్గారు. గెలిచేశాం అనుకుని ఫ్రెంచివాళ్ళు వరస చెదరగొట్టుకుని వెంటపడ్డారు. అప్పుడు చేనులోంచి అసలు బెటాలియన్ బయటికొచ్చి కాల్చడం మొదలుపెట్టింది. అంతే. ఫిరంగులు పోయాయి, క్యాంపు పోయింది, రాజమండ్రి పోయింది. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ బందరు కోట మీదికి ఎక్కాడు. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. కృష్ణా డెల్టా ఎవరిదనేది ఆ నాలుగు నెలల్లో తేలిపోయింది.

మన స్కూల్ పుస్తకంలో ఇది ఒకటి రెండు లైన్లు. ఆ ఎర్ర కోటు అసలు ఉండదు. ఆ కోటు లోపల నిలబడి, తనది కాని పొరపాటుకి ముందు దెబ్బ తిన్న సిపాయి కూడా ఉండడు.

ఇది చదివాక నాకొక పిచ్చి పట్టింది. ఒక సిపాయి కిట్ తల నుంచి కాలి దాకా సమకూర్చాలని. సంవత్సరం 1758, ఒక్కడే మనిషి. మొదట విజయవాడలోనే నాటకాలకీ స్కూల్ ఫంక్షన్లకీ డ్రెస్సులు అద్దెకిచ్చే ఒక షాపుకి వెళ్ళా. ఆయన అడిగిన ప్రశ్న ఇది: 'రాజుగారి సైనికుడా, బ్రిటిష్ సైనికుడా బాబూ?' మొదటిదైతే వెల్వెట్, జరీ, అట్ట డాలు. రెండోదైతే ఎర్ర కోటు, నల్ల టోపీ. ఆ ఎర్ర కోటే అల్లూరి సీతారామరాజు నాటకాలకీ ఇస్తారట. 1922 నాటికి పోలీసులూ సైన్యమూ ఖాకీలోకి వచ్చేసి చాలా ఏళ్ళయింది, అది వేరే గొడవ. నాకు కావాల్సినవాడు ఆ రెండు ర్యాకుల్లోనూ లేడు. తెలుగువాడు, కానీ కంపెనీ కోటులో ఉన్నవాడు. ఆ షాపాయన తప్పేం లేదు. మన సినిమాల్లోనూ అంతే: అటు వీరులు, ఇటు తెల్లదొరలు. మధ్యలో జీతానికి పనిచేసిన మనవాడికి క్యాటగిరీనే లేదు.

సరే, కోటు. అప్పటి కోటు గుడ్డ ఉన్ని, బ్రాడ్‌క్లాత్ అంటారు, ఇంగ్లండ్ నుంచే వచ్చేది. దాన్ని బాగా మర్దించి దగ్గర పడేలా చేస్తారు కాబట్టి కత్తిరించిన అంచు పోగులు ఊడదు, మడత కుట్టు అక్కర్లేదు. ఇప్పుడు దానికి దగ్గరగా దొరికేది మెల్టన్ అనే కోటు గుడ్డ. మన దగ్గర మే నెలలో అది వేసుకుని నిలబడితే ఆ సిపాయి మీద గౌరవం దానంతటదే వస్తుంది. టైలర్‌కి కాజాలతో సహా అంతా చేత్తో కుట్టాలని చెప్తే, 'మరి మిషన్ ఎందుకు కొన్నాం బాబూ' అన్నాడు. ఒప్పించడానికి రెండు టీలు పట్టాయి.

నడుం కింద మాత్రం మనది మనకే ఉంది. ఆ కాలం బొమ్మల్లో సిపాయి పైన ఇంగ్లిష్ కోటు, కింద తొడల దాకా తెల్లటి నూలు చెడ్డీ, ఉత్త పిక్కలు. పైన లండన్, కింద లోకల్! ఆ తెల్ల గుడ్డకి మనం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. నర్సాపురం దగ్గర మాధవాయపాలెం పేరే ఇంగ్లిష్‌లో మాదపొల్లం అనే గుడ్డకి పేరైంది. ఈ తీరంలో నేసిన గుడ్డ ప్రపంచమంతా కట్టుకుంది. ఎరుపు కూడా మనకి కొత్త కాదు. ఈ తీరంలో చిరివేరుతో వేసిన ఎరుపు కోసమే బందరు, నిజాంపట్నం రేవులకి విదేశీ ఓడలొచ్చాయి. అలాంటి ఊరివాడికి ఎర్ర కోటు మళ్ళీ సముద్రం దాటి రావడం నాకు భలే విచిత్రంగా అనిపిస్తుంది. చెడ్డీకి నేను మంగళగిరి చేనేత తీసుకున్నా. మరీ నున్నగా ఉంటుంది, కుట్లు లెక్కపెట్టేవాళ్ళు ఒప్పుకోరేమో. చూద్దాం.

తలపాగా దగ్గర ఆగాలి. ఇది ఫ్యాషన్ విషయం కాదు. 1805 నవంబర్‌లో మద్రాసు సైన్యంలో కొత్త తలపాగా ఆర్డరొచ్చింది. చూడ్డానికి టోపీలా ఉంది, తోలు కుచ్చు ఉంది. నుదుటి బొట్టు వద్దన్నారు, గడ్డాల మీద కూడా ఆంక్ష పెట్టారు. వద్దన్న సిపాయిల్ని కొరడాలతో కొట్టారు. 1806 జూలై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. కారణాల్లో టిప్పు కుటుంబం ఆ కోటలోనే ఉండటం కూడా ఉంది, కానీ నిప్పు పెట్టింది మాత్రం ఆ తలపాగానే. రెండు వైపులా కలిపి వందల మంది చనిపోయారు. తర్వాత ఆర్డర్ వెనక్కి తీసుకున్నారు, గవర్నర్ బెంటింక్‌ని 1807లో వెనక్కి పిలిచేశారు. కోటు వేసుకోమంటే వేసుకున్నవాడు తలమీదికొచ్చేసరికి కుదరదన్నాడు. ఎక్కడిదాకా కంపెనీది, ఎక్కడినుంచి తనది అనే గీత అతని ఒంటి మీదే ఉంది. నా కిట్‌లో తలపాగా మామూలు నూలు గుడ్డే, చేత్తో చుట్టుకునేది. దాన్ని రెడీమేడ్‌గా కుట్టించను.

తుపాకీకి బ్రౌన్ బెస్ అని పేరు, సుమారు నాలుగున్నర కిలోలు. ఒక ఫ్రెండ్ కొండపల్లి బొమ్మల పొణికి చెక్కతో చేయించమన్నాడు. భుజం మీద దూదిపింజలా ఉంటుంది, పనికిరాదు. గట్టి చెక్కతో వడ్రంగి దగ్గర చేయిస్తున్నా, లోపల ఇనప కడ్డీ బరువు కోసమే. పేలేది కావాలంటే లైసెన్స్ కావాలి, ఆ జోలికి వెళ్ళొద్దు. కత్తులకి కూడా ఆయుధాల చట్టం ఉంది, పదును పెట్టించుకుని రోడ్డు మీద తిరగకండి. ఇంకోటి: పాత సామాన్లవాడి దగ్గర నిజంగా వందేళ్ళు దాటిన కత్తి కనపడితే బేరం మొదలుపెట్టకండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వాటి వ్యాపారానికి లైసెన్స్ ఉండాలి. ఇప్పటి ఆర్మీ డ్రెస్ వేసుకుని జనాన్ని సైనికుడని నమ్మించాలనుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ఉంది, మూడు నెలల దాకా జైలు. పాత వస్తువులు చూడాలంటే బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ఉంది, హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ ఉంది. చూసి కొలతలు మనసులో పెట్టుకుని రండి.

ఇక కామెంట్లలో ఎలాగూ వచ్చే ప్రశ్న: 'కంపెనీకి పనిచేసినవాడి డ్రెస్ వేసుకుంటావా? సిగ్గు లేదా?' నాకు ఇబ్బందిగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ ఆ సిపాయి ముందు దేశం అనే ఆప్షన్ లేదు. జమీందారు ఉన్నాడు, నిజాం మనిషి ఉన్నాడు, ఫ్రెంచివాడు ఉన్నాడు, ఇంగ్లిష్‌వాడు ఉన్నాడు. కంపెనీలో జీతం టైముకి వస్తుందనేది పెద్ద ఆకర్షణ. విదేశీ కంపెనీ కోడ్ రాసి ఈఎంఐలు కట్టిన నాకు అతన్ని తిట్టే నోరు అంత తేలిగ్గా రాదు. అతన్ని పొగడాలనీ లేదు. అతని బరువు ఎంతో, చెమట ఎంతో, ఏది వేసుకోనన్నాడో తెలుసుకోవాలని ఉంది.

బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడితే ఒక రోడ్డు బందరు కోటకి పోతుంది. అడ్డంగా వెళ్ళే హైవే ఒక చివర మద్రాసు వైపు, ఇంకో చివర కలకత్తా. తిలంగాలు సముద్రం మీద వెళ్ళిన దారికి అది ఇప్పటి రోడ్డు రూపం. చందుర్తికి కూడా రాజమండ్రి దాటి ఆ వైపే వెళ్ళాలి. కోటు వచ్చే నెలకి తయారవుతుందన్నాడు టైలర్. చెప్పుల సంగతే ఇంకా తేలలేదు. బొమ్మల్లో కొందరు చెప్పులతో ఉన్నారు, కొందరు ఉత్తకాళ్ళతో. మీ ఊళ్ళో పాత పద్ధతిలో తోలు చెప్పులు చేత్తో కుట్టే పెద్దాయన ఎవరైనా ఉంటే కామెంట్‌లో ఊరి పేరు పెట్టండి, ఫోన్ నంబర్ మాత్రం పెట్టొద్దు. డిసెంబర్‌లో చందుర్తి వెళ్దాం.