ముఖం మీద ఎవరి పేరు?

స్త్రీ శరీరానికి పటం గీసినవాళ్లు దాని మీద తమ పేర్లు కూడా రాసుకున్నారు. 16వ శతాబ్దపు ఇటలీ శరీర శాస్త్రవేత్త గాబ్రియేల్ ఫాలోపియో 1561లో ప్రచురించిన పరిశీలనల వల్ల మన అండవాహికలు ఫాలోపియన్ నాళాలయ్యాయి. అదే మనిషి పేరు మన చెవి వెనక కూడా ఉంది. ముఖంలో కండరాలను కదిలించే ఏడో కపాల నాడి పుర్రె ఎముకలోని ఒక సన్నటి దారి గుండా బయటికి వస్తుంది. దాన్ని ఫాలోపియన్ కాలువ అంటారు. ఆ ఇరుకులో నాడి వాచి నలిగితే ముఖంలో ఒక సగం పడిపోతుంది. ఆ జబ్బు పేరు బెల్స్ పాల్సీ. బెల్ కూడా ఒక మగ వైద్యుడే. నాకు రెండో కాన్పయిన పద్దెనిమిదో రోజున ఈ ఇద్దరి పేర్లూ నా ఒంట్లో కలుసుకున్నాయి.

సాహిత్యానికి ప్రేమా యుద్ధమూ పట్టినట్టు జబ్బు ఎందుకు పట్టలేదని వర్జీనియా వుల్ఫ్ 1926లో ఒక వ్యాసంలో అడిగింది. కోలుకుంటున్న రోజుల్లో నేను వెతికింది కూడా అదే. ఈ జబ్బు గురించి వెయ్యేళ్లకు పైగా రాతలున్నాయి. రాసినవాళ్లంతా ఎదుటి ముఖాన్ని చూసినవాళ్లే. ఆ ముఖం లోపల ఉన్న మనిషి, అందులోనూ ఆడమనిషి, ఏమనుకుందో ఎక్కడా దొరకదు.

మన దేశపు వైద్య గ్రంథాల్లో దీని పేరు అర్దితం. వాత రోగాల్లో ఒకటి. చరకుడు, సుశ్రుతుడు, వాగ్భటుడు ముగ్గురూ చెప్పారు. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో ఇది ఎవరికి వస్తుందో ఒక జాబితా ఉంది. గర్భిణులు, బాలింతలు, పిల్లలు, ముసలివాళ్లు, చిక్కిపోయినవాళ్లు, రక్తం పోయినవాళ్లు. ఎందువల్ల వస్తుందో కూడా ఉంది. గట్టిగా మాట్లాడటం, గట్టి పదార్థాలు నమలడం, నవ్వడం, ఆవులించడం, బరువులు మోయడం, ఎగుడుదిగుడుగా పడుకోవడం. ఈ రెండో జాబితా చదివినప్పుడు నాకు మా నాయనమ్మ మాటలు గుర్తొచ్చాయి. గట్టిగా మాట్లాడకు, పళ్లు కనిపించేలా నవ్వకు, నవ్వు నాలుగు విధాల చేటు. సుశ్రుతుడు ఆడవాళ్లని అదుపులో పెట్టడానికి ఆ మాట రాశాడని నేను అనను. అక్కడ అది అందరికీ వర్తించే కారణం. కానీ శరీరం గురించి చెప్పిన జాగ్రత్త ఇళ్లల్లోకి వచ్చేసరికి ఎవరి మీద వాలుతుందో మనకి తెలుసు.

మొదటి జాబితా సంగతి వేరు. బాలింతని ప్రత్యేకంగా పేర్కొన్న ఆ చూపు నిజమైనది. అమెరికాలో 1975లో వెలువడిన ఒక అధ్యయనం గర్భిణులు, బాలింతల్లో లక్ష కాన్పులకి 45 మందికీ, అదే వయసులో ఉన్న ఇతర స్త్రీలలో ఏడాదికి లక్షకి 17 మందికీ ఈ జబ్బు వచ్చినట్టు లెక్క కట్టింది. ఎక్కువ భాగం నెలలు నిండే రోజుల్లోనూ కాన్పయిన మొదటి వారాల్లోనూ వస్తుంది. మన ఇళ్లల్లో బాలింత చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కడతారు కదా. 'గాలి' అనే మాట వెనక వాతమూ ఉంది, చలిగాలీ ఉంది, దయ్యమూ ఉంది. దూది ఈ జబ్బుని ఆపుతుందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. అయినా చెవికీ ముఖానికీ బాలింతతనానికీ ఏదో లంకె ఉందని మంత్రసానుల తరాలు గమనించే ఉంటాయని నాకనిపిస్తుంది. ఆ గమనింపుకి ఎవరి పేరూ లేదు.

హైదరాబాదులో దీన్ని లఖ్వా అంటారు. అది అరబ్బీ వైద్యం నుంచి వచ్చిన మాట. పర్షియాకి చెందిన అల్ రాజీ (865–925) తన అల్ హావీ గ్రంథంలో ముఖం వంకర పోవడం గురించి విడిగా రాశాడు. కండరం బిగుసుకుపోవడం వేరు, పట్టు తప్పడం వేరు అని చెప్పాడు. నుదుటి మీద ముడతలు మాయమవడాన్ని కూడా గుర్తించాడు. ఈ ఒక్క గుర్తే ఈనాటికీ ముఖ్యం. నుదుటి పైభాగానికి మెదడు రెండు వైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి. అందుకని మెదడులో వచ్చే పక్షవాతంలో మూతి జారినా నుదురు సాధారణంగా కదులుతుంది. నాడి దెబ్బతింటే నుదురు కూడా నున్నగా అయిపోతుంది. ఆ తేడా తేల్చవలసింది వైద్యులే. ముఖం ఎలా జారినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

యూరపులో హేగ్ నగరపు వైద్యుడు స్టాల్‌పార్ట్ వాన్ డెర్ వీల్ 1683లోనూ, జర్మనీలో ఫ్రీడ్రిక్ 1798లోనూ దీన్ని వర్ణించారు. అయినా పేరు చార్లెస్ బెల్ (1774–1842)కి దక్కింది. ఎడింబరోలో పుట్టిన ఈ శస్త్రవైద్యుడు చిత్రకారుడు కూడా. వాటర్లూ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి వైద్యం చేసి వాళ్ల బొమ్మలు గీశాడు. 1806లో చిత్రకారుల కోసం ముఖ కవళికల శరీర శాస్త్రం రాశాడు. 1821లో లండన్ రాయల్ సొసైటీ ముందు ముఖాన్ని కదిలించే నాడి వేరు, స్పర్శ తెలిపే నాడి వేరు అని చెప్పాడు. మనిషి భావాలు పలికించడానికే దేవుడు ఈ కండరాలని ఇచ్చాడని అతని నమ్మకం. 1872లో డార్విన్ దాన్ని కాదన్నాడు.

నన్ను ఎక్కువ వెంటాడింది బెల్ కాదు, ఫ్రాన్సు వైద్యుడు డుషేన్. ముఖం మీద విద్యుత్ కడ్డీలు ఆనించి ఒక్కో కండరాన్నీ కదిలించి, ఏ కండరం ఏ భావం పలికిస్తుందో ఫోటోలు తీసి 1862లో పుస్తకం వేశాడు. అందులో 'సౌందర్య విభాగం' అని ఒకటుంది. దాని కోసం అతను ఎంచుకున్నది చూపు దాదాపు లేని ఒక యువతిని. ఆమెకి వేషాలు వేసి, భంగిమలు నేర్పి, కడ్డీలు పెట్టి భక్తీ, వయ్యారమూ, లేడీ మేక్‌బెత్ క్రౌర్యమూ ఆమె ముఖాన పుట్టించాడు. తన ముఖం మీద ఏ భావం కనిపిస్తోందో సరిగా చూసుకోలేని స్త్రీ ముఖం మీద, ఆమెకి కలగని భావాలు! ఆడవాళ్ల ముఖాలని ఎవరి కోసం కదిలించాలన్న ప్రశ్నకి ఇంతకంటే సూటి చిత్రం ఉంటుందనుకోను.

ఇక నా సంగతి. ఆ ఉదయం కాఫీ మూతి పక్క నుంచి జారింది. ఎడమ కన్ను మూత పడలేదు. అత్తయ్య చెవిలో దూది లేకపోవడం చూసింది. అమ్మ దిష్టి తీసింది. మా వీధిలో ఒకావిడ లఖ్వాకి అడవి పావురం మాంసం మంచిదని కబురు పంపింది. వీళ్లెవరి మీదా నాకు కోపం లేదు. వాళ్లు నన్ను పట్టించుకున్నారు. పట్టించుకోనిది మొదట చూసిన డాక్టరు. బాలింత నీరసమనీ, ఏడుపు తగ్గించుకోమనీ చెప్పి విటమిన్ బిళ్లలు రాశాడు. మరునాడు చూసిన డాక్టరమ్మ నుదురు ముడవమంది, కళ్లు గట్టిగా మూయమంది, పళ్లు చూపించమంది. చెవిలో పొక్కులేమైనా ఉన్నాయేమో చూసింది. స్టెరాయిడ్ రాసింది. పాలివ్వచ్చా అని అడిగితే ఇవ్వచ్చని వివరంగా చెప్పింది.

మొదటి 72 గంటల్లో స్టెరాయిడ్ మొదలుపెట్టడం ఎందుకు ముఖ్యమో తేల్చింది బెల్ పుట్టిన స్కాట్లండులోనే జరిగిన ఒక పరీక్ష. 551 మందితో చేసి 2007లో ఫలితాలు ప్రకటించారు. తొమ్మిది నెలలకి ప్రెడ్నిసొలోన్ వాడినవాళ్లలో 94 శాతం, వాడనివాళ్లలో 82 శాతం పూర్తిగా కోలుకున్నారు. ఆ పరీక్షలో ఎవరిని చేర్చుకోలేదో చదివి ఆగిపోయాను. గర్భిణులనీ, పాలిచ్చే తల్లులనీ చేర్చుకోలేదు. బిడ్డల క్షేమం కోసమన్న కారణం అర్థమవుతుంది. కానీ సుశ్రుతుడు జాబితాలో మొట్టమొదట పెట్టినవాళ్లనే 2007 నాటి పరీక్ష పక్కన పెట్టింది. ఈ జబ్బు ఎక్కువగా వచ్చే స్థితిలో ఉన్న స్త్రీ, ఇతరుల శరీరాల మీద తేలిన ఫలితాన్ని తన మీద నమ్మకంతో వాడుకోవాలి. మొదటి డాక్టరు మాటల వెనకా ఈ ఖాళీయే ఉంది. బాలింత ముఖం గురించి తెలుసుకోవలసినంత తెలుసుకోలేదు కాబట్టి ఆమె మనసుకి జబ్బు అంటగట్టడం తేలిక.

తర్వాతి పన్నెండు వారాలు పని ఎక్కువ. మూతపడని కన్నే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. పగలు గంటకోసారి చుక్కలు, రాత్రి మందు పూసి రెప్పకి టేపు. అన్నం బుగ్గలో ఇరుక్కుంటే వేలితో తీసుకోవాలి. చిన్న చప్పుడు కూడా ఆ చెవిలో పెద్దగా మోగుతుంది, చెవిలోని ఒక చిన్న కండరానికీ ఆ నాడే ఆధారం కనక.

నేను ఊహించనిది భాష సంగతి. పెదవులు కలవకపోతే ప ఫ బ భ మ పలకవు. పాప, బాబు, అమ్మ, బుజ్జి, పాలు, బొమ్మ... పసిబిడ్డతో మాట్లాడే తెలుగంతా ఓష్ఠ్యాలే. సాహిత్య విద్యార్థినిగా నాకు నిరోష్ఠ్య కావ్యాలు తెలుసు. దండి దశకుమార చరితంలో మంత్రగుప్తుడు ప్రియురాలి పంటిగాట్ల వల్ల పెదవులు నొప్పిగా ఉన్నాయని తన కథంతా ఓష్ఠ్యాలు లేకుండా చెప్తాడు. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు కుతుబ్‌షాహీల కాలంలో రామాయణాన్నే అలా రాశాడు. 'రామ' అనడానికి వీల్లేదు, అందుకే దాని పేరు దశరథరాజనందన చరిత్ర. ఇదివరకు ఆ పేరుని పాండిత్య ప్రదర్శనగా చూసి తేలిగ్గా దాటేశాను. ఇప్పుడు దాంట్లో వేరే సంగతి కనిపిస్తోంది. పలకలేని అక్షరం చుట్టూ దారి వెతుక్కోవడం పండితుడికి విద్య. ముఖం పడిపోయినవాళ్లకి అది రోజూ చేసే పని. నేను బిడ్డని 'చిన్నారి' అనడం మొదలుపెట్టాను. ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది.

మాట కన్నా నవ్వు కష్టం. ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల నవ్వు వాళ్ల జీతంలో భాగమైన శ్రమ అని రాసింది. ఇంట్లో దానికి జీతం కూడా లేదు. బిడ్డని చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకీ నవ్వు బాకీ ఉంటాం. నేను చెల్లించలేకపోయిన ఆ వారాల్లో, ఎందుకంత ముభావంగా ఉందని ఒకరూ, మూతి తిప్పుకుంటోందని ఒకరూ అన్నారు. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1978లో ప్రచురించిన ప్రయోగంలో, తల్లి ముఖం కాసేపు కదలిక లేకుండా పెడితే బిడ్డ కలవరపడి చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. అది చదివాక నాకు రాత్రులు నిద్ర పట్టలేదు. కానీ ఆ తల్లులు ముఖంతో పాటు గొంతునీ చేతుల్నీ కూడా ఆపేశారు. నేను ఆపలేదు. ఆరో వారంలో నా పాప నవ్వింది, నా సగం ముఖం చూసే. తల్లి ముఖం గురించి మనం రాసుకున్న కవిత్వాన్ని బిడ్డ చదవలేదు కదా.

కోలుకోవడం నెమ్మదైన పని. డెన్మార్క్‌లో పీటర్సన్ 25 ఏళ్ల పాటు 1701 మంది బెల్స్ పాల్సీ రోగులని మందు లేకుండా గమనించి 2002లో రాసిన ప్రకారం, 85 శాతం మందిలో మూడు వారాల్లో కదలిక మొదలైంది, 71 శాతం మంది పూర్తిగా బాగయ్యారు. తెగిన నాడీ తంతువు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఇచ్చిన కాగితంలో కనుబొమ్మ ఎత్తడం, ముక్కు చిట్లించడం, బుగ్గలు పూరించడం ఉన్నాయి. నాట్యశాస్త్రం కనుబొమ్మకి ఏడు, ముక్కుకి ఆరు, బుగ్గకి ఆరు, పెదవికి ఆరు కదలికలు లెక్కపెట్టింది. అద్దం ముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకునేదాన్ని. బలం ఉపయోగించవద్దు, నెమ్మదిగా చెయ్యమని ఆ అమ్మాయి పదేపదే చెప్పేది. తొందరపెడితే కండరాలు తప్పు పాఠం నేర్చుకుంటాయి. పెరిగే తంతువులు కూడా దారి తప్పుతాయి. నవ్వబోతే కన్ను మూసుకుంటుంది. లాలాజలానికి వెళ్లాల్సిన తంతువు కన్నీటి గ్రంథికి చేరితే అన్నం తింటున్నప్పుడు కన్నీళ్లొస్తాయి. 1928లో రష్యా వైద్యుడు బొగొరాడ్ వీటికి మొసలి కన్నీళ్లని పేరు పెట్టాడు. నాడి దారి తప్పి వచ్చిన నీళ్లకి దొంగ ఏడుపు పేరు!

నాకు ఆ కన్నీళ్లు రాలేదు. నాలుగో నెలకి చాలావరకు కోలుకున్నాను. అలిసినప్పుడు, మాట్లాడేటప్పుడు ఎడమ కన్ను కొంచెం చిన్నదవుతుంది. నా ఫోటోలు నేను దాచుకున్నాను, ఎవరూ కత్తిరించకుండా.

అమెరికా నాటక రచయిత్రి సారా రూల్ కవలలు పుట్టాక తనకి వచ్చిన ఇదే జబ్బు గురించి 2021లో ఒక పుస్తకం రాసింది. పదేళ్లు గడిచినా పూర్తిగా బాగవని ముఖం అది. బాగవడమే కథకి ముగింపు కానక్కర్లేదని ఆ పుస్తకం వల్ల తెలుస్తుంది. తెలుగులో కాన్పు గురించి, గర్భసంచి గురించి, రొమ్ము కాన్సర్ గురించి స్త్రీలు రాశారు. ముఖం గురించి రాసినదంతా ఇంకా అందం గురించే. మూతి తిప్పింది, మూతి ముడిచింది, మొహం మాడ్చుకుంది అని మన ముఖాల మీద ఇన్ని క్రియలు తయారుచేసిన భాషలో, ఆ ముఖం కదలనప్పుడు ఏమైందో చెప్పే వాక్యాలు మనమే రాయాలి. వైద్యులు తర్వాతి పరీక్షకి జాబితా తయారుచేసేటప్పుడు బాలింతని ఎక్కడ పెట్టాలో, అప్పుడైనా అడగడానికి మన దగ్గర కొన్ని కాగితాలుంటాయి.