షంషాబాద్ ఎవరి పేరు?

2008లో విమానాశ్రయం వచ్చాక షంషాబాద్ పేరు దేశదేశాల వాళ్ల నోట నానింది. ఆ పేరు వెనక ఎవరున్నారో అడిగేవాళ్లు తక్కువ. నిజాం కొలువులో పాయ్‌గా వంశీకుల బిరుదు షంసుల్ ఉమ్రా. అంటే అమీరుల్లో సూర్యుడు. షంషాబాద్ వాళ్ల జాగీరు.

వంశకర్త అబుల్ ఫతే ఖాన్ తేగ్‌జంగ్ రెండో నిజాం దగ్గర సేనాని. ఆయనా, ఆయన తర్వాతి తరాలూ సంతోష్‌నగర్ పక్కన పిసల్‌బండ మక్బరాల్లో ఉన్నారు. సున్నపు పూలూ, జాలీలూ చూసి తీరాల్సినవి. ఆయన కొడుకు ఫక్రుద్దీన్ ఖాన్ యూరపు సైన్సు పుస్తకాల్ని ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత ముద్రణాలయంలో అచ్చేయించాడు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టడానికి దాదాపు ఎనభై ఏళ్ల ముందు మాట ఇది.

మరి మేమంతా ఆ నవాబుల వారసులమేనా? పాయ్‌గా అంటే గుర్రాల సాల అని కూడా ఒక అర్థం. మాలో ఎక్కువమంది ఆ గుర్రాలకు గడ్డి కోసిన వాళ్ల బిడ్డలం. 1949లో జాగీర్లు రద్దయినప్పుడు పోగొట్టుకోవడానికి మాకు గుంటెడు జాగా లేదు. అంతకు ముందటేడు సైనిక చర్యలో మాత్రం నవాబుల లెక్క మా ఊళ్లలోని పేదలు చెల్లించారు.

నవాబుల్ని పొగడమని మేము అడగడం లేదు. పిల్లలకు షంషాబాద్ కథ చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పమంటున్నాం. అందులో షంసుల్ ఉమ్రా ఉన్నాడు, పుస్తకం తర్జుమా చేసిన మున్షీ ఉన్నాడు, మక్బరాకు సున్నం దంచిన కూలీ కూడా ఉన్నాడు.