‘జవాన్’ ఒక్క మాట చాలదు.. హవల్దార్, సుబేదార్, అగ్నివీర్.. ఆర్మీలో ఎవరిని ఎలా పిలవాలి?

కరీంనగర్: ఊరి పిల్లగాడు ఆర్మీలో చేరితే బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ వెలుస్తుంది. ఇరవై ఏళ్లు దాటాక అదే మనిషి సుబేదార్‌గా రిటైరై ఇంటికొస్తే మళ్లీ ఫ్లెక్సీ కడతారు. రెండింటి మీదా ఒకటే మాట.. ‘ఆర్మీ జవాన్’. ఆ రెండు ఫ్లెక్సీల మధ్య ఆయన ఎన్ని మెట్లు ఎక్కాడో, ఒక్కో మెట్టుకు ఎన్ని పరీక్షలు, ఎన్ని బోర్డర్ పోస్టింగులు దాటాడో మాత్రం కనబడదు. కొన్నిచోట్ల ఇంకాస్త ముందుకెళ్లి సిపాయిని కూడా ‘ఆర్మీ ఆఫీసర్’ అని రాసేస్తారు. రెండూ ప్రేమతో చేసే పనులే. కానీ రెండూ తప్పే.

ఇంతకీ ఆర్మీలో ఎవరిని ఏమని పిలవాలి? పెళ్లి పత్రికలో, సన్మాన పత్రంలో, అప్లికేషన్‌లో ఎలా రాయాలి? వివరాలు చూద్దాం.

ఒకే ఘటన.. నాలుగు హోదాలు

2020 నవంబర్ 8న కశ్మీర్‌లోని కుప్వారా జిల్లా మాచిల్ సెక్టార్‌లో చొరబాటును అడ్డుకునే క్రమంలో నలుగురు ప్రాణాలు అర్పించారు. వారిలో ఒకరు ఉమ్మడి కరీంనగర్‌కు ఆనుకుని ఉన్న నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం కోమన్‌పల్లికి చెందిన ర్యాడ మహేశ్. మరొకరు చిత్తూరు జిల్లాకు చెందిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి. వారితో పాటు కెప్టెన్ ఆశుతోష్ కుమార్, బీఎస్‌ఎఫ్ కానిస్టేబుల్ సుదీప్ సర్కార్ ఉన్నారు.

వార్తల్లో నలుగురినీ కలిపి ‘జవాన్లు’ అనేశారు. నిజానికి కెప్టెన్ కమిషన్డ్ ఆఫీసర్. హవల్దార్ కింద కొందరు సైనికులు పని చేస్తారు. మహేశ్ మొదటి మెట్టు మీదున్న సైనికుడు. కానిస్టేబుల్ ఆర్మీ కాదు, కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సరిహద్దు దళం మనిషి. త్యాగంలో నలుగురూ సమానమే. కానీ ఎవరి హోదా వారిది.

మెట్లు ఇవీ..

ఆర్మీలో ఆఫీసర్లు కాని వారిని రెండు వరుసలుగా చూడాలి.

మొదటి వరుసను ‘అదర్ ర్యాంక్స్’ అంటారు. ఇందులో సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ వస్తారు. గుర్తుపట్టడం సులువు. చేతి మీద వీ ఆకారంలో ఒక పట్టీ ఉంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. సిపాయికి పట్టీ ఉండదు.

రెండో వరుస జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు, అంటే జేసీఓలు. ఇందులో నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ ఉంటారు. వీళ్ల గుర్తులు భుజం మీద ఉంటాయి. నాయబ్ సుబేదార్‌కు ఒక స్టార్, సుబేదార్‌కు రెండు స్టార్లు, సుబేదార్ మేజర్‌కు నాలుగు సింహాల చిహ్నం. ముగ్గురికీ దాంతో పాటు అడ్డంగా రంగు పట్టీ ఉంటుంది.

లెఫ్టినెంట్‌కూ రెండు స్టార్లే ఉంటాయి. అందుకే చాలామంది పొరబడతారు. పట్టీ ఉంటే సుబేదార్, లేకపోతే లెఫ్టినెంట్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

కల్నల్ కూడా ‘సాబ్’ అంటారు

అసలు కీలకం ఇక్కడే ఉంది. ఆర్మీలో జేసీఓను కింది సైనికులే కాదు, పైనున్న ఆఫీసర్లు కూడా ‘సాబ్’ అనే పిలుస్తారు. కొత్తగా వచ్చిన పాతికేళ్ల లెఫ్టినెంట్ హోదాలో సుబేదార్ కంటే పెద్దవాడే. సుబేదార్ ఆయనకు సెల్యూట్ చేస్తారు. అయినా ఆ కుర్ర ఆఫీసర్ నోట వచ్చేది ‘సుబేదార్ సాబ్’ అనే మాటే. యూనిట్‌ను నడిపే కల్నల్ కూడా అంతే. అది రెండు దశాబ్దాల అనుభవానికి ఇచ్చే మర్యాద.

మాటల్లో నాయబ్ సుబేదార్‌ను కూడా ‘సాబ్’ అనే అంటారు. యూనిట్‌లో అందరికంటే సీనియర్ జేసీఓ అయిన సుబేదార్ మేజర్‌ను ‘ఎస్‌ఎం సాబ్’ అంటారు.

హవల్దార్, నాయక్‌లను హోదాతో, లేదా హోదా ప్లస్ పేరుతో పిలుస్తారు. ట్రైనింగ్ ఇచ్చేవారిని కుర్రాళ్లు ‘ఉస్తాద్’ అంటారు. జేసీఓలకు కింది ర్యాంకుల వాళ్లు సెల్యూట్ చేస్తారు. హవల్దార్‌కు, నాయక్‌కు సెల్యూట్ ఉండదు.

సిపాయికి ఎన్ని పేర్లో..

అందరు సిపాయిలనూ సిపాయి అనరు. ఏ దళంలో ఉంటే ఆ పేరు వస్తుంది. ఆర్టిలరీలో గన్నర్, ఇంజినీర్లలో సాపర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్, ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్, రైఫిల్స్ రెజిమెంట్లలో రైఫిల్‌మన్, పారా దళాల్లో పారాట్రూపర్. యుద్ధ ట్యాంకుల దళంలో సవార్. మెట్టు మాత్రం ఒకటే.

ట్యాంకుల దళంలో పై పేర్లు కూడా మారతాయి. గుర్రపు దళం కాలం నాటి పేర్లు అక్కడ అలాగే ఉన్నాయి. హవల్దార్‌ను దఫాదార్ అని, సుబేదార్‌ను రిసాల్దార్ అని అంటారు.

మన దగ్గర ఇక్కడే తికమక మొదలవుతుంది. కలెక్టరేట్‌లో ‘దఫేదార్’ అంటే ఆఫీసు సిబ్బందిలో ఒక పోస్టు. ఆర్మీలో దఫాదార్ అంటే మూడు పట్టీల సైనికుడు. సుబేదార్ సంగతీ అంతే. నిజాం కాలంలో సుబేదార్ అంటే ఒక సుబాకు పెద్ద అధికారి. కరీంనగర్, ఆదిలాబాద్ అప్పట్లో వరంగల్ సుబాలోనే ఉండేవి. హనుమకొండలో ఇప్పటికీ ‘సుబేదారి’ అనే ప్రాంతం ఉంది. మాట ఒకటే అయినా ఆర్మీ సుబేదార్ వేరు. ఇప్పటి నాయబ్ సుబేదార్‌ను 1965 దాకా ‘జమాదార్’ అనేవారు.

సీఆర్పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వాళ్లను ఎలా?

సీఆర్పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్‌లలో పోలీసు పేర్లే ఉంటాయి. కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్, ఏఎస్‌ఐ, ఎస్‌ఐ, ఇన్‌స్పెక్టర్. అక్కడ పనిచేసే వారిని హవల్దార్, సుబేదార్ అనకూడదు. అస్సాం రైఫిల్స్‌లో మాత్రం రైఫిల్‌మన్, హవల్దార్, సుబేదార్ లాంటి ఆర్మీ పేర్లే వాడతారు.

ఎయిర్‌ఫోర్స్‌లో కార్పొరల్, సార్జెంట్, వారంట్ ఆఫీసర్ హోదాలుంటాయి. నేవీలో లీడింగ్ సీమన్, పెటీ ఆఫీసర్, చీఫ్ పెటీ ఆఫీసర్ ఉంటారు. పేరులో ఆఫీసర్ అని ఉన్నా వీళ్లు కమిషన్డ్ ఆఫీసర్లు కారు.

అగ్నివీర్ సంగతేంటి?

2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ స్కీమ్ ప్రకటించింది. ఈ స్కీమ్‌లో చేరిన వారికి ‘అగ్నివీర్’ అనేదే హోదా. ఇది మిగతా ర్యాంకులన్నింటికీ భిన్నమైనదని నిబంధనల్లోనే ఉంది. సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం మంది వరకు రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. కాబట్టి ఈ నాలుగేళ్లలో వారిని సిపాయి అని కాకుండా, అగ్నివీర్ అని పేరుకు ముందు రాయడమే సరైన పద్ధతి.

రిటైరైతే ర్యాంకు పోతుందా?

పోదు. మనిషి రిటైరవుతాడు, ర్యాంకు కాదు అనేది ఆర్మీలో అందరూ చెప్పే మాట. అందుకే పత్రికల్లో, బోర్డుల మీద ముందు హోదా, తర్వాత పేరు, చివర ‘రిటైర్డ్’ అని రాయాలి. హోదాకు, పేరుకు మధ్యలో రిటైర్డ్ అని ఇరికించకూడదు. పెన్షన్ కాగితాల్లో ‘ఎక్స్ హవల్దార్’, ‘ఎక్స్ సుబేదార్’ అని కనిపిస్తుంది. అది ఆఫీసు భాష. ఎదురుగా ఉన్న మనిషిని మాత్రం ‘ఎక్స్’ అని, ‘మాజీ’ అని పిలవరు.

గౌరవ ర్యాంకులు కూడా ఉంటాయి. ఏటా జనవరి 26, ఆగస్టు 15 సందర్భంగా ఎంపికైన జేసీఓలకు గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు ఇస్తారు. ఇలాంటి వారిని ‘కెప్టెన్ సాబ్’ అనడం సరైనదే. కొందరు హవల్దార్లకు రిటైర్మెంట్ వేళ గౌరవ నాయబ్ సుబేదార్ హోదా దక్కుతుంది.

దీనికి మంచి ఉదాహరణ యోగేంద్ర సింగ్ యాదవ్. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద పోరాడి పరమవీర చక్ర అందుకున్నప్పుడు ఆయన గ్రెనేడియర్, అంటే సిపాయి మెట్టు. మెట్టు మెట్టూ ఎక్కి సుబేదార్ మేజర్ అయ్యారు. గౌరవ కెప్టెన్‌గా రిటైరయ్యారు. అప్పటి ఘటన గురించి రాస్తే గ్రెనేడియర్ అనాలి. ఈ రోజు స్టేజీ మీదికి పిలిస్తే కెప్టెన్ అనాలి.

కాగితాల్లో తప్పు రాస్తే ఇబ్బందే

ఇది మర్యాదతో ఆగిపోయే విషయం కాదు. సైనికుల పెన్షన్ లెక్క ర్యాంకు, సర్వీసు, గ్రూపు మీద ఆధారపడి ఉంటుంది. ‘వన్ ర్యాంక్ వన్ పెన్షన్’ కూడా అదే ర్యాంకు, అంతే సర్వీసు అనే సూత్రం మీదే నడుస్తుంది. ఇంటాయన పోయాక భార్య ఫ్యామిలీ పెన్షన్‌కు అప్లై చేసేటప్పుడు అందాజగా ‘జవాన్’ అనో, ‘ఆఫీసర్’ అనో రాస్తే కాగితాలు కలవక తిప్పి పంపే అవకాశం ఉంటుంది.

అందుకే డిశ్చార్జ్ బుక్‌లో, పీపీఓలో ర్యాంకు ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే రాయాలి. గౌరవ ర్యాంకు ఉంటే దాన్నీ చూపించాలి. హవల్దార్లకు ఇచ్చే గౌరవ నాయబ్ సుబేదార్ హోదా పెన్షన్ లెక్కలోకి కూడా వస్తుంది. ర్యాంకు, సర్వీసు నంబర్, రికార్డ్ ఆఫీస్ పేరు.. ఈ మూడూ ఇంట్లో భార్యకు, పిల్లలకు తెలిసి ఉండాలి. డౌటుంటే సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి రాయించుకోవచ్చు.

ప్రాణాలు అర్పించిన వారి విషయంలోనూ అంతే. జనం ‘అమరవీరుడు’ అంటారు, అందులో తప్పేమీ లేదు. అయితే అధికారిక కాగితాల్లో ‘షహీద్’ అనే మాట వాడరు. విగ్రహం కింద, బడి పేరులో ఆయన చివరి ర్యాంకు ముందు రాసి, తర్వాత పేరు రాయాలి. ఆయన భార్యను ఆర్మీ ‘వీర్ నారి’ అని గౌరవిస్తుంది.

మరి మనం ఏమనాలి?

సాధారణ జనం సెల్యూట్ కొట్టాల్సిన పని లేదు. ర్యాంకు తెలిస్తే ‘హవల్దార్ గారు’, ‘సుబేదార్ సాబ్’ అంటే చాలు. తెలియకపోతే ‘సార్, మీ ర్యాంకు ఏంది?’ అని నేరుగా అడగొచ్చు. అడిగినందుకు ఏ సైనికుడూ బాధపడడు. అదీ కుదరకపోతే ‘జై హింద్’ ఉండనే ఉంది. సిపాయి నుంచి జనరల్ దాకా అందరికీ అది సరిపోతుంది.