ఎంఎస్ బాధితుల్లో థైరాయిడ్ సమస్య: నీరసం వెనుక మరో వ్యాధి ఉండొచ్చు

జంషెడ్‌పూర్: మల్టిపుల్ స్క్లెరోసిస్, క్లుప్తంగా ఎంఎస్, రోగనిరోధక వ్యవస్థ సొంత నాడీ మండలంపైనే దాడి చేయడం వల్ల వచ్చే వ్యాధి. మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లోని తంతువులకు తొడుగులా ఉండే మైలిన్ పొర ఇందులో దెబ్బతింటుంది. కొందరిలో అదే రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ గ్రంథినీ శత్రువుగా భావిస్తుంది. అప్పుడు రెండు వ్యాధుల లక్షణాలూ కలగలిసి, సులువుగా చికిత్స చేయగల సమస్య మరుగున పడిపోయే ప్రమాదం ఉంది.

రెండు రూపాలు

థైరాయిడ్‌పై జరిగే దాడి ప్రధానంగా రెండు రకాలు. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో వర్ణించిన వ్యాధిలో గ్రంథి క్రమంగా క్షీణించి హార్మోన్ తగ్గుతుంది. గ్రేవ్స్ వ్యాధిలో హార్మోన్ అతిగా విడుదలవుతుంది. ఎంఎస్ బాధితుల్లో ఇవి సాధారణ జనాభాలో కన్నా ఎక్కువని కొన్ని అధ్యయనాలు పేర్కొనగా, చెప్పుకోదగ్గ తేడా లేదని మరికొన్ని తేల్చాయి.

గుర్తించడం ఎందుకు కష్టం?

విపరీతమైన అలసట, కుంగుబాటు, మలబద్ధకం, కండరాల బలహీనత ఎంఎస్‌లోనూ, థైరాయిడ్ లోపంలోనూ కనిపిస్తాయి. శరీర ఉష్ణోగ్రత పెరిగితే ఎంఎస్ లక్షణాలు తాత్కాలికంగా తీవ్రమవుతాయి. గ్రేవ్స్ రోగులూ వేడిని తట్టుకోలేరు. వేసవిలో 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ వంటి నగరంలో ఈ తేడా పసిగట్టడం మరింత కష్టం. నీరసమంతా ఎంఎస్ వల్లేనని రోగి సరిపెట్టుకుంటే థైరాయిడ్ లోపం ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు.

మందుల ప్రభావం

ఐరోపాలో 2013లో అనుమతి పొందిన అలెమ్‌టుజుమాబ్ తీసుకున్నవారిలో మూడింట ఒక వంతుకు పైగా థైరాయిడ్ సమస్యలు నమోదయ్యాయి. అందుకే చివరి మోతాదు తర్వాత 48 నెలల వరకూ ప్రతి మూడు నెలలకోసారి రక్తపరీక్ష అవసరం. ఇంటర్‌ఫెరాన్ బీటా వాడేవారికీ పర్యవేక్షణ ఉండాలి.

బయోటిన్‌తో జాగ్రత్త

కొందరు ఎంఎస్ రోగులు అధిక మోతాదులో వాడిన బయోటిన్ విటమిన్, కొన్ని ప్రయోగశాల పరీక్షలను తప్పుదోవ పట్టిస్తుంది. లేని గ్రేవ్స్ వ్యాధి ఉన్నట్లు ఫలితం రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై 2017లో హెచ్చరించింది. పరీక్షకు ముందే ఈ విషయాన్ని వైద్యుడికి చెప్పాలి.

చికిత్స, హక్కులు

టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ రక్తపరీక్షలతో నిర్ధారణ సాధ్యం. హార్మోన్ లోపానికి లెవోథైరాక్సిన్ మాత్రను రోజూ పరగడుపున వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం పాటించాలి. దీనివల్ల ఎంఎస్ నయం కాదు. కానీ థైరాయిడ్ లోపం వల్ల కలిగిన అలసట తగ్గుతుంది.

తూర్పు సింగ్‌భూమ్ జిల్లా సదర్ ఆసుపత్రి పర్సుడీహ్‌లోని ఖాస్‌మహల్‌లో ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ ఒకటి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్నట్లు ధ్రువీకరణ పొందినవారు చట్టంలోని రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు అర్హులు.