మెడ ధమనీ, మెట్టసీమా

మెడకు ఇరుపక్కలా ఉండి మెదడుకు రక్తాన్ని చేరవేసే కెరోటిడ్ ధమనుల లోపలి గోడకు కొవ్వు పేరుకున్నప్పుడు, దారి ఇరుకై, అక్కడ ఊడిన ముక్క మెదడులో అడ్డుపడి పక్షవాతం తెస్తుంది. మెడ దగ్గర కోసి ఆ పూడికను తీసివేసే ఎండార్టెరెక్టమీ అనే శస్త్రచికిత్సను 1953లో అమెరికాలో డీబేకీ చేయగా, మరుసటి ఏడాది లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఈస్ట్‌కాట్ బృందం ఇరుకైన భాగాన్నే కోసి తీసి ధమని కొసలను కలిపింది. అయితే పక్షవాతాన్ని ఆపవలసిన ఈ చికిత్సే ఒక్కోసారి పక్షవాతం తేగలదు గనుక, దాని లాభనష్టాలు తేలడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

1991లో వెలువడిన నాసెట్ అధ్యయనం ప్రకారం, పక్షవాత సూచనలు అప్పటికే కనిపించి, ధమని 70 నుంచి 99 శాతం మూసుకుపోయిన రోగులలో, మందులతోనే ఉన్నవారికి రెండేళ్లలో ఆ పక్క మెదడుకు పక్షవాతం వచ్చే అవకాశం 26 శాతం కాగా, శస్త్రచికిత్స పొందినవారికి 9 శాతమే. కాని 80 ఏళ్లు నిండినవారిని, మూత్రపిండాలో కాలేయమో ఊపిరితిత్తులో చెడినవారిని అందులో చేర్చుకోలేదు. కనుక అక్కడ రుజువైన భద్రత ఏరి తీసుకున్న రోగుల భద్రతే.

అదే ఏడాది నవంబరు 22న, ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే అనంతపురం జిల్లాలో, పుట్టపర్తి వద్ద శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థను ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. గుండె ఆపరేషనంటే బెంగుళూరుకో వేలూరుకో పోవలసిన వేరుశనగ రైతుకు, అదీ పైసా ఖర్చు లేకుండా, సొంత జిల్లాలోనే ఆ వైద్యం అందింది. మెడ ధమని చరిత్రలో ఈ గుండె ఆసుపత్రికి చోటు ఉండడం అసంగతం కాదు: మెడలో పూడిక ఉన్నవారికి గుండె ధమనులలోనూ తరచుగా అదే జబ్బు ఉంటుంది, మెడ శస్త్రచికిత్సలో వారికి పొంచి ఉన్న పెద్ద ప్రమాదాలలో గుండెపోటు ఒకటి.

ఇలా శస్త్రచికిత్సలో ప్రమాదం ఎక్కువగా ఉండే రోగులకు కత్తికి బదులు లోహపు జాలీ గొట్టమైన స్టెంటును రక్తనాళం గుండా పంపి అమర్చవచ్చునా అన్న ప్రశ్నకు 2004లో సఫైర్ అధ్యయనం సమాధానం వెదికింది. ఏడాది నాటికి పక్షవాతం, గుండెపోటు, మరణం కలిపి లెక్కిస్తే స్టెంటు పక్షంలో 12.2 శాతం, శస్త్రచికిత్స పక్షంలో 20.1 శాతం. ఆ తేడాలో గుండెపోట్ల వాటా పెద్దది. పైగా ఈ రోగులలో ఎక్కువమందికి ఏ సూచనా లేదు, కాబట్టి అసలు వారికి రెండింటిలో ఏదైనా అవసరమా అన్న అనుమానం న్యాయమైనదే.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురంలోనే మొదలై, పెద్ద చికిత్సల ఖర్చు భారాన్ని పేద కుటుంబాలకు తగ్గించింది. కాలం సంగతి వేరు. సూచన కనిపించిన రెండు వారాలలోపు చేసినప్పుడే ఎండార్టెరెక్టమీ వల్ల మేలు అత్యధికమని తరువాతి పరిశోధనలు చూపాయి. కాని మాట తడబడి, చెయ్యి చచ్చుబడి, కొద్ది నిమిషాలలోనే సర్దుకున్న మనిషి నొప్పి లేదు గనుక ఆసుపత్రి వైపు చూడడు, కాలూ చెయ్యీ పూర్తిగా పడిపోయాక వచ్చినవాడికి ఈ శస్త్రచికిత్స తిరిగి ఇవ్వగలిగింది అతి స్వల్పం.