పది అడుగుల బుట్ట: ప్రపంచ బాస్కెట్‌బాల్ పోటీల పూర్వోత్తరములు

కురుబాలకులు బంతియాట యాడుచుండగా బంతి నూతిలో పడిన కథ భారతము చదివినవారికి తెలిసినదే. రాజకుమారు లందరు నూతిచుట్టు నిలిచి చూచిరే గాని దానిని వెలికిదీయు ఉపాయము ఒక్కరికిని తోచలేదు. అంతలో ద్రోణుడు వచ్చి, మూలభారతమున చెప్పినట్లు, గడ్డిపుల్లల నొకదాని కొన నొకటి సంధించి బంతిని పైకి రప్పించెను. ఆ కథలో బంతి క్రిందికి పోయినది. ఇచ్చట చెప్పబోవు ఆటలో బంతి పైకి పోవును. లోపల పడినదానిని మరల తీయుట యను చిక్కు మాత్రము రెంటికిని ఒక్కటే.

ఈ ఆటకు బాస్కెట్‌బాల్ అని పేరు. తెనుగున బుట్టబంతి యనవచ్చును. దీనిని కల్పించినవాడు జేమ్స్ నైస్మిత్. ఇతడు 1861లో కెనడా దేశమున జన్మించెను. తొమ్మిదేండ్లు నిండకమునుపో నిండినవెంటనో తలిదండ్రులిద్దరు జ్వరముచేత పోగా మేనమామ ఇంట పెరిగెను. నడుమ చదువు మాని కొన్నియేండ్లు అడవిలో కలప నరకు పని చేసి, మరల బడిలో చేరి చదివి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున వై.ఎం.సి.ఏ. విద్యాలయమున వ్యాయామోపాధ్యాయు డయ్యెను. 1891 డిసెంబరులో, బయట మంచు పడి విద్యార్థులు గదిలో విసిగియుండగా, నాలుగుగోడల నడుమ ఆడదగిన ఆట నొకదానిని కల్పింపుమని పైవారు అతనిని ఆజ్ఞాపించిరి.

అతనికి చిన్ననాటి ఆట యొకటి జ్ఞప్తికి వచ్చెను. పెద్దబండపై చిన్నరాయి నుంచి దూరమునుండి మరియొక రాతితో దానిని పడగొట్టుట ఆ ఆట. మన పల్లెలలోని ఏడుపెంకులాటకు దాయాది వంటిది. బలముకొలది సూటిగా విసరినవాని రాయి గురి తప్పెనా, దూరముగా పోయి పడును. దానిని తెచ్చుకొనులోపల వాడు పట్టుబడును. మెల్లగా వంపు తిరుగునట్లు ఎగురవేసినవాడే నెగ్గును. గమ్యమును నిలువుగా గాక పైకి నోరు తెరచునట్లు ఎత్తున నుంచినచో బలము నిష్ఫలమై నేర్పు ఫలించునని నైస్మిత్ తలపోసెను. పెట్టెలు తెమ్మని నౌకరు నడుగగా అతడు పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చెను. వానిని వసారా అంచునకు మేకులతో కొట్టిరి. ఆ అంచు నేలనుండి పది అడుగుల ఎత్తున ఉండెను. నేటికిని ప్రపంచ మంతటను బుట్ట ఎత్తు అదియే. నిబంధనలు పదమూడు. విద్యార్థులు పదునెనిమిదిమంది తొమ్మండుగురు చొప్పున చీలి ఆడిరి. ఆ మొదటి ఆటలో బంతి ఒక్కమారే బుట్టలో పడెను. పడినదానిని తీయుటకు నిచ్చెన వేసి ఎక్కవలసివచ్చెను! బుట్ట అడుగు తీసివేయు ఆలోచన తరువాతి కాలమున వచ్చినది.

బుట్టను ఎత్తున నుంచుట బలవంతుని అణచుటకే గాని పొడవైనవానిని అందల మెక్కించుటకు కాదని దీనివలన తెలియుచున్నది. అయినను మన బడులలో ఈ ఆటమాట వచ్చినప్పుడెల్ల ‘అది పొడగరుల ఆట, మనవారికి చేతగాదు’ అను మాట వినవచ్చును. ప్రపంచపోటీల చరిత్ర ఈ మాటను ఎంతవరకు బలపరచునో చూడదగియున్నది.

అంతర్జాతీయ సంఘము 1932లో జెనీవాలో ఎనిమిది దేశములతో ఏర్పడెను. 1936లో బెర్లిన్ ఒలింపిక్సులో ఈ ఆటకు స్థానము లభించెను. ఆ పోటీలను ఆరుబయట మట్టినేలపై జరిపిరి. చివరి ఆటనాడు వాన కురిసి నేల బురదయై, బంతి నేల తాకిన పిమ్మట పైకి లేవకుండెను. అమెరికా 19, కెనడా 8. ఆటను కల్పించిన వృద్ధుడు నైస్మిత్ ఆ పోటీలను కన్నులార చూచి మూడేండ్లకు గతించెను.

ప్రపంచ విజేతృత్వమునకు వేరుగా పోటీ ప్రారంభమైనది 1950లో, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరీస్ నగరమున. పది దేశముల జట్లు వచ్చెను. ఆటపుట్టిన అమెరికా డెన్వరు పట్టణపు జట్టు నొకదానిని పంపెను. నవంబరు 3వ తేదీ రాత్రి లూనాపార్కు మందిరమున అర్జెంటీనా 64, అమెరికా 50. జనులు వీధులలో కాగితములు చుట్టి కాగడాలుగా వెలిగించి ఊరేగిరి. అందుచేత ఆ రాత్రికి కాగడాల రాత్రి యను పేరు నిలిచినది. ఆ వీరుల గతి తరువాత ఏమయ్యెనో వినుట కష్టముగా నుండును. నాటి అధ్యక్షుడు పెరోన్ వారికి బహుమానముగా కార్లు దిగుమతి చేసికొను అనుమతి నిచ్చియుండెను. 1955లో సైన్యము అతనిని దించివేసెను. క్రొత్త ప్రభుత్వపు కాలమున ఆ బహుమానమే నేరమై, వారు డబ్బుకొరకు ఆడినవారని ముద్ర పడి, 1957లో ఆటనుండి బహిష్కృతులైరి. ఒక రాజు ఇచ్చిన ఈనామును మరియొక రాజు రద్దుచేయుట మన దేశపు దస్తరములలోను కలదు గాని, ఈనాముతోపాటు పొలము దున్నినవానినే దండించుట అరుదు.

రెండవ పోటీ 1954లో రియో నగరమున జరిగెను. అమెరికా గెలిచెను, బ్రెజిల్ ద్వితీయము. మూడవస్థానము ఫిలిప్పైన్సుకు దక్కెను! దేహపరిమాణమున తెలుగువారికంటె మిన్నలు కారనదగిన ఆ ద్వీపవాసులు ఐరోపా, దక్షిణ అమెరికా జట్లను దాటి నిలిచిరి. వారి కార్లోస్ లాయ్‌జాగా ఆ పోటీలలో మేటి ఐదుగురిలో ఒకడుగా ఎన్నిక యయ్యెను. అతడు పొడగరియే, ఆరడుగుల మూడంగుళములు. అయితే ఒక్కని పొడవు జట్టును నిలుపదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లనుండి వారి బడులలో, వీధులలో ఈ ఆట వేళ్లు పాతుకొనియుండుటయే అసలు కారణము. 1954 తరువాత నేటివరకు ఆసియా దేశ మేదియు ఈ పోటీలలో అంతటి స్థానము నందుకొనలేదు.

1959లో పోటీలు చిలీ దేశమున జరిగెను. మందిరము సిద్ధము కాకపోవుటచే శాంటియాగోలోని బయలు క్రీడాప్రాంగణమున ఆడిరి. సోవియట్ జట్టు అజేయముగ సాగి అమెరికాను 62–37తో ఓడించెను. కాని ఫార్మోసా జట్టుతో, అనగా తైవాన్‌తో, ఆడవలసిన దినమున సోవియట్ వారు ఆడ నిరాకరించిరి. ఆ ద్వీపమును దేశముగా వారి ప్రభుత్వ మంగీకరింపదు. బల్గేరియావారు వారి త్రోవనే పట్టిరి. విజేతృత్వము బ్రెజిల్‌కు పోయెను. పట్టికలో బ్రెజిల్ పేరే యున్నది, ఉండవలసినదే. ఆడనివానికి ఫలము లేదు. అయినను ఆ యేటి మేటిజట్టు ఏదియో పట్టిక చెప్పదు. బ్రెజిల్ మాత్రము 1963లో స్వదేశమున మరల గెలిచి ఆ అనుమానమును చాలవరకు కడిగివేసికొన్నది. ఆ పోటీ మొదట మనీలాలో జరుగవలసినది. కమ్యూనిస్టు దేశముల ఆటగాండ్రకు ప్రవేశపత్రములు దొరకమిచే స్థలము మారెను.

సరిహద్దు మారుట యన నేమో ఈ అడవియంచు ప్రజలకు వేరుగ చెప్ప నక్కరలేదు. ఆ 1959లోనే గోదావరి కావలి భద్రాచలము తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాలోనికి వచ్చినది. 2014లో దానిచుట్టునున్న పల్లెలు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి పేర క్రొత్త జిల్లా వెలసినది. ఇచ్చట కాగితములు మారినవి గాని రక్తము చిందలేదు. యుగోస్లావియా కథ అట్టిది కాదు.

1950లో వచ్చిన పది జట్లలో యుగోస్లావియాది పదవస్థానము, అనగా కట్టకడపటిది. ఆ జట్టున ఆడిన బోరిస్లావ్ స్టాంకోవిచ్ మొదలగు వారు ఇంటికి పోయి శిక్షకులై, సంఘములు నడపి, తమ తరువాతివారికి ఆట నేర్పిరి. సరిగా ఇరువది యేండ్లకు, 1970లో, లుబ్లియానా నగరమున వారి దేశము అమెరికాను 70–63తో గెలిచి ప్రపంచ విజేత యయ్యెను. ఇరువది యేండ్లలో ఒక జాతి పొడవు పెరుగదు. నేర్చుకొనుట మాత్రము పెరుగును. 1978లో మరల గెలిచిరి. 1990లో మూడవమారు సోవియట్ జట్టును 92–75తో ఓడించిరి. ఆ ఆట జరిగినది నలువదియేండ్లక్రితము వారు పదవవారై వెడలిన బ్యూనస్ ఎయిరీస్‌లోనే, కాగడాల రాత్రి చూచిన ఆ లూనాపార్కులోనే.

ఆ విజయోత్సవమున ఒకడు క్రొయేషియా జెండా పట్టుకొని ఆటస్థలమునకు దిగెను. సెర్బు జాతీయుడైన వ్లాదే దివాచ్ ఆ జెండాను లాగివేసెను. క్రొయేషియావాడైన డ్రాజెన్ పెట్రోవిచ్ అతనికి ప్రాణమిత్రుడు. ఇద్దరు ఒక్క జట్టువారు, అప్పుడే ఒక్క పతకము గెలిచినవారు. ఆనాటినుండి వారి నడుమ మాటలు కరవయ్యెను. మరుసటి యేడు దేశము చీలి యుద్ధము వచ్చెను. 1993లో పెట్రోవిచ్ జర్మనీలో కారు ప్రమాదమున మరణించెను. మరల మాటలాడుకొను అవకాశము మిత్రులకు దక్కలేదు. మిగిలిన సెర్బియా, మాంటినీగ్రోలు యుగోస్లావియా పేరుతోనే 1998, 2002లలో గెలిచెను. 2003లో ఆ పేరే భూగోళపటమునుండి తొలగెను. లేని దేశమునకు ఐదు విజయములు పట్టికలో నున్నవి.

తక్కిన చరిత్ర వేగముగ చెప్పవచ్చును. సోవియట్ వారు 1967, 1974, 1982లలో గెలిచిరి. చివరిది 95–94, ఒక్క పాయింటు తేడా. 1986లో అమెరికాది. ఆటగాండ్రలో జీతగాండ్రు, జీతము లేనివారు అను భేదమును 1989లో మ్యూనిక్ సభ 56 ఓట్లతో రద్దుచేసెను, ప్రతికూలము 13. దాని వెనుక నున్నది 1950 నాటి ఆ స్టాంకోవిచ్చే, అప్పటికి అంతర్జాతీయ సంఘ కార్యదర్శి. కోట్లు గడించు అమెరికా ఆటగాండ్రు దిగినపిమ్మట ఇక పోటీ యుండదని యెల్లరు తలచిరి. 1994లో అట్లే జరిగెను. 2002లో మాత్రము వారు తమ దేశముననే, ఇండియానాపొలిస్‌లో, ఆరవస్థానమునకు దిగిపోయిరి. అర్జెంటీనా వారిని 87–80తో ఓడించెను. స్పెయిన్ 2006, 2019లలోను, అమెరికా 2010, 2014లలోను గెలిచెను.

ఇక మన సంగతి. ఈ ఆట వై.ఎం.సి.ఏ. వారివలన భారతమునకు వచ్చినది. 1920లో హెచ్.సి. బక్ మద్రాసున స్థాపించిన వ్యాయామ కళాశాల దానికి ఊతమిచ్చెను. జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలోను, జాతీయ సమాఖ్య 1950లోను మొదలయ్యెను. ఆసియా పోటీలు 1960లో మనీలాలో ప్రారంభము కాగా, మనవారు పొందిన ఉత్తమస్థానము 1975లో బ్యాంకాక్‌లోని నాలుగవది. 1981లో ఆ పోటీలు కలకత్తాలో జరిగెను. 1980 మాస్కో ఒలింపిక్సుకు పలుదేశములు రాకపోవుటచే మనకు చోటు దొరకి, పండ్రెండు జట్లలో పండ్రెండవ వారమైతిమి. 2014లో వూహాన్‌లో ఆసియా కప్ నందు చైనాను వారి నేలపైననే 65–58తో ఓడించిన ముచ్చట మాత్రము చెప్పుకొనదగినది. ప్రపంచ పోటీలు 2023 వరకు పందొమ్మిది జరిగినవి. ఒక్కదానికైనను భారతజట్టు అర్హత పొందలేదు.

దీనికి పొడవు లేమి కారణమనువారు పంజాబు రైతుబిడ్డ సత్‌నామ్ సింగును మరచినట్లున్నారు. అతడు ఏడడుగుల రెండంగుళముల వాడు. ఆసియా పోటీలలో మనజట్టున ఆడినవాడు. 2015లో అమెరికా వృత్తిజట్టు డల్లాస్ అతనిని ఎంపిక చేసికొనగా, భారతీయులలో అతడే ప్రథము డయ్యెను. అంతటివా డొకడుండియు జట్టు ముందుకు రాలేదు. కొరవడినది ఇరువదియేండ్ల ఓపిక. యుగోస్లావులకు ఆ పదవస్థానము సిగ్గునుగాక పని నిచ్చినది. మన పండ్రెండవస్థానము ఏమి యిచ్చినదో సమాఖ్యవారు చెప్పవలెను.

పందొమ్మిదవ పోటీ 2023లో ఫిలిప్పైన్సు, జపాను, ఇండొనీషియాలలో జరిగెను. మనీలా ప్రాంతమున మొదటిదినము 38,115 మంది కూర్చుండి చూచిరి. ప్రపంచ పోటీల చరిత్రలో అంతటి సభ లేదు. వారి జట్టు ఆనాడు ఓడినను జనము తరువాతి ఆటలకును వచ్చినది. ఎనిమిది ఆటలును గెలిచి, తుదిలో సెర్బియాను 83–77తో ఓడించిన జర్మనీ విజేత. ఆ పోటీలలో ఉత్తమ ఆటగాడుగా ఎన్నికయైన డెన్నిస్ ష్రోడర్ తుదియాటలో 28 పాయింట్లు చేసెను. మహాకాయుల నడుమ అతడు పొట్టివాడుగనే కనబడును. ఇరువదవ పోటీ 2027లో ఖతర్ దేశపు దోహా నగరమున జరుగునట్లు నిర్ణయమైనది.

బుట్టకొలత తెలియగోరు బడిపంతుళ్ల కొరకు ఒక్కమాట. వలయపు లోపలి అడ్డుకొలత 18 అంగుళములు. సుమారు ఐదడుగుల ఇనుపకడ్డీ ఉన్నచో ఊరి కమ్మరియే వంచి అతుకవచ్చును. బంతి అడ్డుకొలత తొమ్మిదిన్నర అంగుళములకు లోబడినది. నిలువు స్తంభమునకు తాటిమాను చాలును. వలయపు అంచు మాత్రము నేలనుండి సరిగా పది అడుగు లుండవలెను.